కుడివైపు పేజీ

“దొరగారూ, ఇవాళ్టి నుంచి మీకు పిండి వద్దంది డాక్టరమ్మ. సిరంజి పట్టుకుని నిలబడ్డవాళ్ళకి కూడా ఆ మాట కాస్త చెప్పండి.”

చిన్నకోడలు మాట్లాడుతున్నది పంజరంలో ఉన్న గినీ పిగ్‌తో. వినవలసిన మనిషి పెద్దకోడలు. ఆమె వంటింటి గుమ్మంలోనే ఉంది. గోరువెచ్చటి నీళ్ళలో గడ్డిపిండి కలిపి, సూది లేని సిరంజిలోకి ఎక్కించి, భుజాన తువ్వాలు వేసుకుని సిద్ధంగా నిలబడింది.

తోడికోడళ్ళిద్దరికీ మాటలు ఆగిపోయి నాలుగు నెలలైంది. ఒకే పొయ్యి, ఒకే వంట, ఒకే తాళంచెవి. మాటలు మాత్రం దొరగారి ద్వారానే. ఆయన గడ్డి నములుతూ ఇరుపక్షాల వాదనా ఓపిగ్గా వినేవాడు. వారం రోజులుగా ఆ నమలడం కూడా మానేశాడు.

“నిన్న రాత్రి తొమ్మిది ఎమ్మెల్ చుక్క కారకుండా తాగారు కదా దొరగారూ,” అంది పెద్దకోడలు. “బాగుపడుతున్నవాళ్ళకి తిండి మాన్పించే వైద్యం ఎక్కడైనా ఉందా?”

“కారణం పుస్తకంలో రాసే ఉంది. చదవగలిగినవాళ్ళు చదువుకోవచ్చు.”

ఆ ‘చదవగలిగినవాళ్ళు’ అన్న మాట సరిగ్గా తగలవలసిన చోటే తగిలింది. పెద్దకోడలి చదువు పదో తరగతితో ఆగింది. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని స్కూలు యూనిఫారాలు కుడుతుంది. చిన్నకోడలు రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దస్తమానం మైక్రోస్కోపు కింద కణాలు లెక్కపెట్టే మనిషి, ఇంటికొచ్చినా అంకె లేకుండా మాట్లాడదు.

“సాయంత్రం ఐదింటికి వెళ్దాం దొరగారూ. సగం రోజు సెలవు పెట్టాను.” చిన్నకోడలు బ్యాగు జిప్పు లాగింది. “ఇంక మీకు ఈ సిరంజిలూ ఉండవు, ఈ బాధా ఉండదు.”

పెద్దకోడలికి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక సిరంజి పట్టుకున్న చెయ్యి దానంతట అదే కిందికి దిగిపోయింది.

“అంటే?” అంది. దొరగారి పేరు తగిలించడం మర్చిపోయింది. పేరు లేని ప్రశ్నని చిన్నకోడలు తనది కాదన్నట్టు వదిలేసింది.

పెద్దకోడలికి ఒళ్ళు మండిపోయింది. “ఆదివారం మారబోయే కొత్త ఫ్లాటులో జంతువులు కూడదట కదా దొరగారూ! మీ బాధ తీరుస్తున్నారో, వాళ్ళ బాధ తీర్చుకుంటున్నారో కాస్త అడిగి చూడండి.”

చిన్నకోడలి మొహం పాలిపోయింది. బ్యాగు భుజానికి తగిలించుకుంది. చెప్పు ఒకటి తిరగబడి ఉంటే సరిచేయడానికి వంగి, కాసేపు అలాగే ఉండిపోయింది. తరవాత బయటికి వెళ్ళి తలుపు నెమ్మదిగా చేరవేసింది. ధడాలున వేసి ఉంటే పెద్దకోడలికి కాస్త తృప్తిగా ఉండేది.

దొరగారు ఈ ఇంటికి వచ్చింది చిన్నకోడలితోనే. ఏడేళ్ళ కిందట కొత్తపెళ్ళికూతురు కన్నాలు పెట్టిన అట్టపెట్టె ఒళ్ళో పెట్టుకుని దిగితే, “పెట్టెనిండా బట్టలు తెచ్చుకుంటారు గానీ ఎలుకని తెచ్చుకుందేమిటి ఈ పిల్ల!” అని ముక్కున వేలేసుకున్నది ఈ పెద్దకోడలే. నెల తిరక్కుండా ఆమె చేతిలో కూరల కవరు గలగలమంటే చాలు, పంజరంలోంచి ఈల వినిపించేది. ఆర్నెల్లకి పంజరం కుట్టుమిషను పక్కకి చేరింది. మూతి చుట్టూ తెల్లబొచ్చు, వేళకి తిండి అందకపోతే ఇల్లు లేపే గొంతు చూసి ‘దొరగారు’ అని పేరు పెట్టింది కూడా ఆమే.

ఈ జాతికి ఏడేళ్ళంటే పండు ముసలితనం. పోయిన వారం దొరగారి కడుపు మొరాయించింది. పొట్ట ఉబ్బి, గడ్డి ముట్టకుండా మూలకి చేరాడు. సోమవారం చిన్నకోడలు డాక్టరమ్మకి చూపించి, మందులూ పిండీ తెచ్చింది. మూడు గంటలకోసారి పిండి పట్టాలి, పొట్ట నిమరాలి. పగలంతా ఇంట్లో ఉండేది పెద్దకోడలే కాబట్టి ఆ పని ఆమెకి పడింది.

“పిండి సంగతి ఒకరు చూసుకుంటే మిగతాది నేను చూసుకుంటాను దొరగారూ,” అని చిన్నకోడలు ఆ రోజే చెప్పింది. ఆ మిగతాది ఏమిటో ఆమె చెప్పలేదు, ఈమె అడగలేదు. పంజరం మీద ఒక నోటుపుస్తకం వెలిసింది. ఎడమ పేజీ పెద్దకోడలిది: ఏ వేళకి ఎన్ని ఎమ్మెల్. కుడి పేజీ చిన్నకోడలిది. పెద్దకోడలు ఈ అయిదు రోజుల్లో ఆ పేజీ వంక కన్నెత్తి చూడలేదు. పుస్తకం తెరవగానే కుడివైపు అరచెయ్యి అడ్డం పెట్టి, తన పేజీ రాసుకుని మూసేసేది. అంత పంతం.

పంతానికి కారణం చాలా చిన్నది. చెబితే నవ్వుతారు. నాలుగు నెలల కిందట మెట్ల మీద చిన్నకోడలు పై ఇంటావిడతో ఒక మాట అంది. “అక్క కడిగినవి నేను మళ్ళీ కడుక్కుంటానండీ. లేకపోతే నాకు మనసొప్పదు.” కింది మెట్టు మీద కూరల సంచీతో ఉన్న పెద్దకోడలు అది విన్నది. విన్నట్టు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజునుంచీ గిన్నెలు మెరిసేలా తోమింది, పొయ్యి కింద నేలని కూడా గీకి గీకి తుడిచింది. చిన్నకోడలు మళ్ళీ ముట్టుకోవలసిన పని ఈ ఇంట్లో ఒక్కటి కూడా మిగల్చకూడదని తీర్మానించుకుంది.

పన్నెండింటికి దొరగారు కమ్మీల దగ్గరికి వచ్చాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి తనంతట తాను లేచి వచ్చాడు. పెద్దకోడలి వేలు వాసన చూసి, చిన్నగా కొరికాడు.

“ఆకలి వేస్తోందా నాయనా?”

ఆమె పిండి కలిపింది. కలిపిన గిన్నె పట్టుకుని గది మధ్యలో నిలబడింది. మరిదిని అడుగుదామంటే అతను కొత్త ఫ్లాటులో రంగులు వేయిస్తున్నాడు. భర్త బస్సు నడుపుతూ ఉంటాడు, ఫోను ఎత్తడు. మామగారు పెన్షను పనిమీద బయటికి వెళ్ళారు. డాక్టరమ్మ వద్దంటే ఏదో కారణం ఉండే ఉంటుంది. తన పదో తరగతి ఆ కారణం ముందు నిలబడలేకపోయింది. పిండి సింకులో పారబోసి, గిన్నె రెండుసార్లు కడిగింది.

మూడున్నరకి పంజరం శుభ్రం చేసింది. చిన్నకోడలు నాలుగింటికి వస్తుందని తెలుసు. రోజూ ఉదయం ఆరున్నరకి ఆమె లేవకముందూ, సాయంత్రం ఆరున్నరకి ఆమె రాకముందూ ఇదే పని. పెంటికలన్నీ పాత పేపర్లోకి ఊడ్చి, పొట్లం కట్టి చెత్తడబ్బాలో పడేస్తుంది. మొన్నటికంటే ఇవాళ్టివి కాస్త లావుగా ఉన్నాయి. ‘అన్యాయం’ అనుకుంది పెద్దకోడలు. బాగుపడుతున్న ప్రాణం!

నాలుగింటికి చిన్నకోడలు వచ్చి, పాత శాలువా పరిచిన బుట్టలో దొరగారిని పెట్టింది. పంజరం అడుగు వంగి చూసింది. పుస్తకం తీసి ఏదో రాసింది.

“వెళ్దామా దొరగారూ? ఎవరైనా మిమ్మల్ని ఒకసారి ఎత్తుకుంటారేమో అడగండి.”

పెద్దకోడలు తల ఎత్తలేదు. కాలరు మీద కుట్టు వేస్తోంది. మిషను చప్పుడు పెంచింది. చిన్నకోడలు గుమ్మంలో ఆగింది, చాలాసేపే ఆగింది. తరవాత మెట్లు దిగిన చప్పుడు వినిపించింది. అప్పుడు చూసుకుంటే సూదిలో దారం ఎప్పుడో తెగిపోయింది. ఉత్త సూది జానెడు కాలరుని పొడుచుకుంటూ పోయింది.

ఆమె కాలరు పక్కన పడేసి కొంగుతో మొహం కప్పుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. కనీసం చెవులు నిమిరి పంపినా పోయేది కదా అని తనని తనే తిట్టుకుంది.

“ఊరుకో అమ్మా,” అన్నారు మామగారు, లోపలి గదిలోంచి వచ్చి. “మనుషులకైనా ఆ జబ్బు వస్తే కష్టమే. పాపం, అయిదు రోజులుగా ఒక్కటంటే ఒక్కటి పడలేదాయె.”

పెద్దకోడలు కొంగు తీసింది. “ఏం పడలేదు మామయ్యా?”

“పెంటికలు. పేగు మూసుకుపోయిందట. పెట్టింది పెట్టినట్టు లోపలే ఉంటే పొట్ట పగలదూ? అందుకే డాక్టరమ్మ తిండి ఆపమంది. బాధ పెట్టకుండా పంపించేద్దామంది. చిన్నమ్మాయి అంతా రాసింది, నువ్వు చదవలేదా?”

మామగారు ముప్పై ఏళ్ళు పోస్ట్‌మాన్‌గా చేసి ఒక్కరి కార్డు కూడా చదవని మనిషి. రిటైరయ్యాక ఆ లోటంతా ఇంట్లో తీర్చుకుంటున్నారు. పుస్తకాలు, మందుల చీటీలు, ఫ్లాటు అగ్రిమెంటు, ఏదీ ఆయన కళ్ళజోడు తప్పించుకోదు.

పెద్దకోడలు ఒక్క ఉదుటున లేచి పుస్తకం తెరిచింది. కుడి పేజీ.

సోమవారం సాయంత్రం ఏడు: 0. మంగళవారం ఉదయం ఏడు: 0. సాయంత్రం ఏడు: 0. పేజీ నిండా సున్నాలే, ఒకదాని కింద ఒకటి, అచ్చు వేసినట్టు గుండ్రంగా. నిన్న సాయంత్రం సున్నా పక్కన చిన్న అక్షరాలు: ‘డాక్టర్‌కి ఫోన్ చేశాను. ఫీడ్ ఆపమన్నారు. రేపు 5.’ ఇవాళ నాలుగింటి సున్నా దగ్గర సిరా అలుక్కుపోయి ఉంది.

అబద్ధం రాసిందా? మొదట వచ్చిన ఆలోచన అదే. ఇంట్లోంచి వదిలించుకోవడానికి సున్నాలు చుట్టిందా? ఆ ఆలోచన వచ్చినంతసేపు కూడా నిలవలేదు. ఏడు గంటలు, ఏడు గంటలు. తను ఊడ్చేది ఆరున్నరకి.

“నేనే మామయ్యా,” అంది. “చెల్లి లెక్కపెట్టుకునేలోగా రోజూ నేనే ఊడ్చి పారేశాను.”

ఫోను తీసింది. నాలుగు నెలలుగా నొక్కని నంబరు. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది, మళ్ళీ అంతే. డాక్టరమ్మ నంబరు మామగారి దగ్గర లేదు, చీటీ బుట్టతో పాటే వెళ్ళిపోయింది.

టైము నాలుగూ ముప్పై అయిదు. పెద్దకోడలు చెత్తడబ్బా నేల మీద బోర్లించింది. నాలుగు నెలలుగా అద్దంలా ఉంచుకున్న నేల మీద తొక్కలూ టీపొడీ పరుచుకున్నాయి. వాటిలోంచి పేపరు పొట్లం ఏరుకుని గుప్పిట్లో పట్టుకుంది.

“చెప్పులమ్మా! చెప్పులు!” అని మామగారు వెనక నుంచి అరుస్తూనే ఉన్నారు.

బస్సు రావడానికి పది నిమిషాలు పట్టింది. మెడలో కొలతల టేపు వేలాడుతుండగా, ఒట్టి కాళ్ళతో నిలబడిన మనిషిని చూసి ఒకామె సీటు ఇవ్వబోయింది. పెద్దకోడలు కూర్చోలేదు. మూడో స్టాపులో దిగి పరిగెత్తింది. క్లినిక్కు ముందుగదిలో ఒక పెద్ద కుక్క లేచి మొరిగింది. ఆమె దాన్ని దాటుకుని లోపలి తలుపు తోసేసింది.

స్టీలు బల్ల మీద పాత శాలువా. శాలువాలో దొరగారు పక్కకి వాలి ఉన్నాడు. చిన్నకోడలు ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉంది. డాక్టరమ్మ సిరంజిలోకి మందు ఎక్కిస్తోంది.

“ఆపు చెల్లీ!” అంది పెద్దకోడలు. “సున్నా కాదు. పడుతున్నాయి. రోజూ పడుతున్నాయి. నువ్వు లేచేలోపే నేను ఊడ్చేశాను. ఇవిగో, ఇవాళ్టివి.”

పొట్లం బల్ల మీద విప్పింది.

చిన్నకోడలు ముందు పొట్లం వంక చూసింది, తరవాత అక్క కాళ్ళ వంక. జేబులోంచి పెన్ను తీసి, దాని మొనతో ఒక్కొక్కటే పక్కకి జరిపింది. ఏడుస్తూ కూడా లెక్క తప్పలేదు.

“పదిహేడు,” అంది డాక్టరమ్మతో. “పదిహేడున్నాయి మేడమ్.”

డాక్టరమ్మ చేతిలోని సిరంజి ట్రేలో పెట్టేసింది. ఒక పెంటికని కాగితంలో నలిపి వాసన చూసింది. దొరగారి పొట్ట మళ్ళీ తడిమింది.

“నేను మీ లెక్క చూసి నమ్మాను,” అంది చివరికి. “పొట్ట గట్టిగా ఉంది, చెవులు చల్లబడ్డాయి, అయిదు రోజులుగా ఏమీ రాలేదన్నారు. ఎక్స్‌రే మిషను ఇక్కడ లేదు. అడ్డం పడిందనే అనుకున్నాను. ఇలా పడుతుంటే పేగు మూసుకుపోలేదు. ఈ చల్లదనం ఆకలిది.”

“అయితే ఇంటికి తీసుకుపోవచ్చా అమ్మా?” అంది పెద్దకోడలు.

“మొదటి సూది ఇచ్చేశాను. అది మత్తుదే. ప్రాణం తీసేది రెండోది, అది ఇవ్వలేదు. కానీ ముసలి ప్రాణం, నిన్న రాత్రి నుంచీ కడుపులో ఏమీ లేదు. మత్తు దిగి లేస్తే వెంటనే పిండి పట్టాలి.” డాక్టరమ్మ ఆగింది. “లేస్తే. గంట చూద్దాం. నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెడుతూ ఉండండి. యాభైకి తగ్గితే నన్ను కేకెయ్యండి. పక్కగదిలో కుక్కకి కుట్లు వెయ్యాలి.”

వేడినీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి దొరగారి పక్కన పెట్టి ఆమె వెళ్ళిపోయింది. బల్లకి చెరోవైపూ తోడికోడళ్ళు మిగిలారు. మధ్యలో ఉన్నాయన నిద్రపోతున్నాడు. ఎవరి పేరు పెట్టి మాట మొదలెట్టాలో ఇద్దరికీ తెలియలేదు.

“ఎందుకు ఊడ్చావు?” అంది చిన్నకోడలు. ఆ మాట దొరగారి వీపుని చూస్తూ అనలేదు, అక్కనే చూస్తూ అంది.

“నువ్వు మళ్ళీ కడుక్కునే అవసరం లేకుండా.”

చిన్నకోడలు తెల్లమొహం వేసింది. కాసేపటికి ఆ మొహంలో రంగు మారింది. “మెట్ల మీద అన్నది విన్నావా?”

“విన్నాను.”

“అందుకా నాతో మాట్లాడటం మానేశావు? నేనంటేనే ఇష్టం లేదనుకున్నాను అక్కా. నాలుగు నెలలుగా అదే అనుకుంటున్నాను.”

“వేరే పోతానని ఫ్లాటు చూసుకున్నది నువ్వు కదా.”

“నువ్వు మాట్లాడటం మానేశావనే ఫ్లాటు చూసుకున్నాం.”

పక్కగదిలో కుక్క ఒకసారి మూలిగింది.

“ల్యాబ్‌లో గ్లాసులు రెండుసార్లు కడగాలి,” అంది చిన్నకోడలు. “ఇంటికొచ్చినా ఆ చెయ్యి ఊరుకోదు. నేను కడిగినవి కూడా మళ్ళీ కడుగుతాను. అడిగితే చెప్పేదాన్ని కదా. ఒక్కసారి అడిగితే పోయేది కదా.”

“పోయేది,” అంది పెద్దకోడలు.

“పొద్దున అన్నావే, నేను వీణ్ణి వదిలించుకుంటున్నానని. నిజంగానే అనుకున్నావా, కోపంలో అన్నావా?”

కోపంలో అన్నాను అని చెప్పడం సులువు. పెద్దకోడలు నోటిదాకా ఆ మాట వచ్చింది కూడా. “నిజంగానే అనుకున్నాను చెల్లీ,” అంది.

చిన్నకోడలు తలూపింది. “జంతువులు కూడదన్న ఆ షరతు తీయించడానికి మీ మరిది మూడుసార్లు తిరిగాడు. నిన్న మధ్యాహ్నం ఫ్లాటువాళ్ళు ఒప్పుకున్నారు. పంజరం పెట్టడానికి బాల్కనీలో ఎండ తగలని మూల కూడా చూసొచ్చాడు. సాయంత్రం డాక్టర్ ఈ మాట చెప్పింది.” ఆమె దొరగారి చెవి నిమిరింది. “లేస్తే మాట్లాడుకుందాం. లేవకపోతే నా దగ్గర మాటల్లేవక్కా. నిన్ను తిట్టను కూడా తిట్టను.”

ఇది తిట్టుకంటే ఎక్కువే. పెద్దకోడలు కాదనలేదు, క్షమించమనీ అడగలేదు. శాలువా అంచు దొరగారి కాళ్ళ మీదికి సర్దింది. “లెక్కపెడదాం,” అంది.

చిన్నకోడలు చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టింది. ఇద్దరూ వంగారు. బొచ్చు కింద పక్కటెముకలు సన్నగా లేస్తున్నాయి, దిగుతున్నాయి.

“అరవై ఒకటి,” అంది చిన్నకోడలు.

“నాకూ అంతే.”

రెండో నిమిషం యాభై ఎనిమిది. చెవి కొంచెం వెచ్చబడినట్టు అనిపించింది పెద్దకోడలికి. అనిపించిందే గానీ పైకి అనలేదు. మూడో నిమిషం యాభై ఆరు, యాభై ఏడు. ఒకటి తేడా వచ్చింది. చిన్నకోడలు జేబురుమాలుతో కళ్ళు ఒత్తుకుని మళ్ళీ వంగింది.

నాలుగో నిమిషం మధ్యలో దొరగారి వెనక కాలు ఒకసారి విదిలింది. కాలు మళ్ళీ కదల్లేదు.

“నాకు యాభై మూడు వచ్చింది,” అంది చిన్నకోడలు. “నీకెంత?”

సూదిలోకి రోజుకి వందసార్లు దారం ఎక్కించే కళ్ళు పెద్దకోడలివి. ఆమె చెల్లెలి మొహం చూసింది. ఆ మొహం యాభై మూడునే నమ్ముకుని ఉంది.

“నలభై ఎనిమిది,” అంది.

చిన్నకోడలు గడియారం వైపు చూడలేదు. మళ్ళీ లెక్కపెట్టలేదు. కుర్చీ వెనక్కి తోసి, తలుపు దగ్గరికి పరిగెత్తి, డాక్టరమ్మని కేకేసింది.